ఖానాపూర్ ప్రాంతం: మతం, సంఘర్షణ, స్మరణ

ఉత్తర తెలంగాణలో గోదావరి ఎడమ గట్టున, నిర్మల్ జిల్లాలో ఉన్న పట్టణం ఖానాపూర్. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది పాత ఆదిలాబాద్ జిల్లాలో భాగం. ఖానాపూర్ పేరుతో ఉన్న శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డ్ తెగలకు కేటాయించినది. ఖానాపూర్, కడెం మండలాలు నిర్మల్ జిల్లాలో, జన్నారం మంచిర్యాల జిల్లాలో, ఉట్నూరు, ఇంద్రవెల్లి ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నా ఓటు వేసేది మాత్రం ఈ ఒక్క నియోజకవర్గంలోనే. నదిలో మొదలై అడవి గుండా గుట్టల మీదికి సాగే ఈ నేల మీదే ఉత్తర తెలంగాణ జ్ఞాపకాల్లో బరువైనవి కొన్ని పోగుపడ్డాయి. 1981 నాటి ఇంద్రవెల్లి కాల్పుల స్థలం, గోండుల్లోని మెస్రం వంశీయులు కొలిచే కేస్లాపూర్ నాగోబా, ఆ దేవుడికి గంగాజలం తెచ్చే హస్తినమడుగు ఈ నియోజకవర్గంలోనే ఉన్నాయి. పశ్చిమాన నిర్మల్, భైంసా, తూర్పున జైనూర్, జోడేఘాట్ దీనికి ఇరుగుపొరుగు.

ఈ ప్రాంతంలో చనిపోయినవాళ్లను తలచుకోవడం ఒంటరిగా, ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. పదిమంది కూడాలి, నడవాలి, డోలు మోగాలి, జెండా ఎత్తాలి. జాతర జరిగేది అలాగే, వర్ధంతి జరిగేది అలాగే, ఊరేగింపు సాగేది కూడా అలాగే. అందువల్ల ఎవరు కూడవచ్చు, ఏ రోజున, ఏ దారిన, ఎంతసేపు అన్నది నిజాం కాలం నుంచి నేటిదాకా ఇక్కడి పాలకులను వదలని ప్రశ్న. మతమూ సంఘర్షణా స్మరణా ఒకదానికొకటి ముడిపడేది ఈ అనుమతి దగ్గరే.

నది, అడవి, మనుషులు

ఖానాపూర్ మండలంలో గోదావరి పాయల నడుమ బాదనకుర్తి అనే ఊరుంది. బుద్ధుడి బోధ విని రమ్మని పదహారుమంది శిష్యులను ఉత్తరాదికి పంపిన బావరి ఆశ్రమం ఇక్కడే ఉండేదని తెలంగాణ చరిత్రకారులు గుర్తిస్తున్నారు. బావరి గోదావరి తీరాన, అస్సక దేశపు పొలిమేరల్లో ఉన్నాడని సుత్తనిపాతం చెబుతుంది. బౌద్ధం వెళ్లిపోయింది, నది మాత్రం పవిత్రంగానే మిగిలింది. ఎగువన బాసరలో సరస్వతి, దిగువన హస్తినమడుగులో ఆదివాసుల గంగ.

గుట్టల మీద రాజ్‌గోండులు, కొలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు ఉంటారు. మైదానంలో తెలుగు రైతు కులాలు, దళితులు, చేతివృత్తులవాళ్లు, ముస్లింలు. 1940ల తర్వాత రోడ్లు పడ్డ కొద్దీ మహారాష్ట్ర వైపు నుంచి మరాఠీ మాట్లాడేవాళ్లు, లంబాడాలు, ఇతర జిల్లాల వ్యాపారులు వచ్చి చేరారు. తెలుగు, గోండి, కొలామీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ ఒకే అంగట్లో వినిపిస్తాయి. పర్ధానులు కింగ్రి వాయిస్తూ గోండు వంశాల కథలు పాడతారు. రాత లేని కాలంలో చరిత్రను భద్రపరిచింది వాళ్ల గొంతులే. ఈ ప్రాంతపు స్మరణ గురించి రాసేవాళ్లు స్థూపాలకంటే ముందు వాళ్లను తలచుకోవాలి.

గస్తీ నిశాన్ 53

సభకు ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలన్న నియమం ఇక్కడ పాతది. హైదరాబాద్ సంస్థానంలో 1929లో వచ్చిన గస్తీ నిశాన్ 53 బహిరంగ సభలకు అనుమతి తప్పనిసరి చేసింది. ఆ ఆంక్షల కింద గ్రంథాలయ సభ పెట్టడమే కష్టమైంది. రాజకీయ సభకు తావు లేనిచోట మత సభలు, పండుగ ఊరేగింపులు ఆ పని చేశాయి. 1938–39లో ఆర్యసమాజం నడిపిన సత్యాగ్రహంలో హోమకుండం పెట్టుకునే హక్కు, ఊరేగింపు తీసే హక్కు ముఖ్యమైన కోరికలు. మతాన్ని వీధిలోకి తెచ్చి రాజ్యాన్ని నిలదీయడం, రాజ్యం దాన్ని శాంతిభద్రతల సమస్యగా చూడడం అప్పటినుంచే అలవాటయ్యాయి. సంస్థానం పోయాక క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 144 సెక్షన్ ఆ స్థానంలోకి వచ్చింది. 2024 జులై 1 నుంచి అదే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163 సెక్షన్‌గా కొనసాగుతోంది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చింది. ఖానాపూర్ ప్రాంతం ఆ హక్కు కింద, ఈ సెక్షన్ కింద ఒకేసారి బతుకుతోంది.

నిర్మల్ మర్రి

1857 తిరుగుబాటు ఉత్తరాదిన అణగారాక దాని నిప్పు గోదావరి లోయలో ఇంకా రాజుకుంటూనే ఉంది. గోండు నాయకుడు రాంజీ గోండు రోహిల్లాలతో కలిసి బ్రిటిష్, నిజాం బలగాలను ఎదిరించాడు. చివరికి పట్టుబడ్డ అతన్నీ, అతని అనుచరులు వెయ్యిమందినీ 1860 ఏప్రిల్ 9న నిర్మల్ దగ్గర ఒక మర్రిచెట్టుకు ఉరితీశారని స్థానిక చరిత్ర చెబుతుంది. జనం దాన్ని వెయ్యి ఉరుల మర్రి అన్నారు. 1990ల్లో గాలివానకు ఆ చెట్టు కూలిపోయింది. నిర్మల్‌లో ఇప్పుడు రాంజీ గోండు విగ్రహం ఉంది, ఏటా ఏప్రిల్ 9న నివాళులు అర్పిస్తారు.

ఈ కథలో రోహిల్లాలను మరవకూడదు. అఫ్గాన్ మూలాలున్న ముస్లిం సైనికులు గోండులతో భుజం కలిపి పోరాడారు, ఒకే శిక్ష పొందారు. ఇప్పటి సభల్లో రాంజీ గోండును ఆదివాసీ వీరుడిగా, జాతీయ స్వాతంత్ర్య వీరుడిగా, నిజాం వ్యతిరేకిగా చెబుతారు. మూడూ నిజమే. అతని పక్కన ఉరికంబమెక్కిన రోహిల్లాల ప్రస్తావన మాత్రం సభ ఎవరిదన్నదాన్ని బట్టి వస్తుంది, పోతుంది. నిర్మల్ పట్టణంలో హిందువులూ ముస్లింలూ పక్కపక్కన బతుకుతున్నందున ఆ ప్రస్తావన అక్కడ అత్యవసరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

జోడేఘాట్

గోండు నాయకుడు కుమ్రం భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో పుట్టాడు. అటవీ అధికారుల వసూళ్లకూ భూముల ఆక్రమణకూ ఎదురుతిరిగి, పన్నెండు గూడేల మీద ఆదివాసుల హక్కు కోరుతూ కెరమెరి గుట్టల్లోని జోడేఘాట్ నుంచి పోరాడాడు. 1940లో నిజాం పోలీసు బలగాల కాల్పుల్లో అనుచరులతో సహా అక్కడే చనిపోయాడు. పుస్తకాల్లో తేదీ ఒక్కటిగా లేదు, సెప్టెంబరు అనీ అక్టోబరు అనీ మారుతుంది. గూడేలకు ఆ చిక్కు లేదు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు వర్ధంతి జరుపుతారు, అందుకే అది ఏటా వేరే తేదీన వస్తుంది, అధికారులు ఆ ఏడు పౌర్ణమి చూసుకుని ఏర్పాట్లు చేస్తారు. భీమును తలచుకోవడం ఆదివాసులకు పితృదేవతల పూజ లాంటిది కనుక తిథి నిలబడింది. గోండుల నమ్మకంలో చనిపోయినవాళ్లు వంశదైవమైన పెర్సాపేన్ సన్నిధికి చేరతారు. అమరుడికీ పూర్వీకుడికీ మధ్య గట్టి గీత లేదు.

భీం పేరు గుట్టలు దాటి ప్రపంచానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. సాహు, అల్లం రాజయ్య రాసిన నవల ఆ పని మొదలుపెట్టింది. విప్లవ సంఘాలు ‘జల్ జంగల్ జమీన్’ నినాదంతో అతన్ని తమవాడిగా చెప్పుకున్నాయి. తెలంగాణ ఉద్యమం హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహం నిలబెట్టింది. రాష్ట్రం వచ్చాక 2014 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు జోడేఘాట్ వచ్చి స్మారకం ప్రకటించారు. మ్యూజియం, విగ్రహం 2016 నాటికి సిద్ధమయ్యాయి, ఆ ఏడాదే ఆసిఫాబాద్ జిల్లాకు అతని పేరు పెట్టారు.

ప్రభుత్వం చేపట్టిన జ్ఞాపకంలో ఎవరికి చోటుండాలన్న తగవు వెంటనే మొదలైంది. లంబాడాలను తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చింది 1976లో. భూమి, ఉద్యోగాలు, సీట్లు వాళ్లకే ఎక్కువగా దక్కుతున్నాయన్న గోండులు, కొలాముల అసంతృప్తి 2017లో ఉద్యమంగా మారింది. ఆ ఏడు అక్టోబరులో వర్ధంతి రోజున జోడేఘాట్ మ్యూజియంలోని లంబాడా స్త్రీ ప్రతిమ మీద ఆ కోపం పడింది. డిసెంబరు నాటికి ఉట్నూరు ప్రాంతంలో ఘర్షణలు చెలరేగాయి. అమరుడి ఇంట్లో ఎవరి బొమ్మ ఉండాలన్నది రిజర్వేషన్ల తగవులో ఒక అంకమైంది.

2020 అక్టోబరులో మరో తగవు. ‘ఆర్ఆర్ఆర్’ సినిమా ప్రచార చిత్రంలో భీం పాత్ర ముస్లిం టోపీతో కనిపించింది. నిజాం పోలీసుల చేతిలో చనిపోయిన మనిషిని అలా చూపడం అవమానమని ఆదివాసీ సంఘాలు, అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపూరావు అభ్యంతరం చెప్పారు. కథలో అది మారువేషమని 2022 మార్చి 25న సినిమా విడుదలయ్యాక తేలింది. అభ్యంతరం చెప్పినవాళ్ల బాధ నిజమైనదే. తమ పెద్దను ఇతరులు తమకు తోచినట్టు అలంకరిస్తున్నారన్నది గూడేల పాత గోడు. ఆ గోడును ముస్లింల మీదికి మళ్లించినవాళ్లూ ఉన్నారు. భీం కొట్లాడింది అటవీ చట్టంతో, భూమిని గుంజుకున్నవాళ్లతో, వాళ్లకు కాపుకాసిన సర్కారుతో. అతని పోరాటాన్ని మతయుద్ధంగా కుదించడం అతనికి న్యాయం కాదు.

మార్లవాయి, కేస్లాపూర్

భీం మరణం తర్వాత ఆదివాసుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ సేవలు తీసుకుంది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో జైనూర్ దగ్గరి మార్లవాయిలో మకాం పెట్టి గోండుల మధ్య బతికాడు. భూమి పట్టాలు, గోండి చదువులు, గూడేల్లో బడులు ఆయన సూచనల నుంచి వచ్చాయి. 1987 జనవరి 11న హైదరాబాద్‌లో బెట్టీ చనిపోతే మార్లవాయిలో సమాధి కట్టారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశాడు. 2012లో కొడుకు ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచాడు. ఏటా జనవరి 11న గోండులు ఆ సమాధుల దగ్గర తమ పద్ధతిలో పూజ చేస్తారు. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజుది కూడా మార్లవాయే. ఆయన 2024 అక్టోబరులో చనిపోయారు.

కేస్లాపూర్ నాగోబా జాతరలో ఏటా జరిగే దర్బారు కూడా 1940ల్లో హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైనదే. ఆదివాసులు అధికారుల దగ్గరికి రారు, అధికారులే దేవుడి దగ్గరికి వచ్చి వాళ్ల అర్జీలు వినాలి అన్నది దాని ఉద్దేశం. భీం నెత్తురు మీద పుట్టిన ఏర్పాటు అది. ఈ ప్రాంతంలో ప్రభుత్వం మతాన్ని గౌరవంగా పలకరించిన తొలి సందర్భం కూడా అదే అనిపిస్తుంది.

జాతర పుష్య అమావాస్య రాత్రి మహాపూజతో మొదలవుతుంది. అంతకు చాలా రోజుల ముందే మెస్రం వంశీయులు తెల్లబట్టలు కట్టి, చెప్పులు లేకుండా, గూడెం గూడెం దాటుతూ జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు నడుస్తారు. గోదావరి నీళ్లు ఝారీలో నింపుకుని తిరుగు దారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసిస్తారు. మర్రిచెట్ల దగ్గర, గడిచిన కాలంలో చనిపోయిన మెస్రం వంశీయుల పేరిట తూం పూజలు జరుగుతాయి. తర్వాత కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్. చనిపోయినవాళ్లను సాగనంపి, కొత్తగా వచ్చినవాళ్లను కలుపుకునే ఈ రెండు పనులూ ఒకే చోట, వంశమంతా చూస్తుండగా జరుగుతాయి. 2022 డిసెంబరులో ప్రారంభమైన కొత్త ఆలయాన్ని మెస్రం కుటుంబాలు చందాలు వేసుకుని కట్టుకున్నాయి.

ఇంద్రవెల్లి

మెస్రంలు పూజకు ఆగే ఆ ఇంద్రవెల్లి ఊరిలోనే 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పులు జరిగాయి.

కారణాలు ఒక్కరోజులో పుట్టలేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధిస్తూ 1970లో 1వ నెంబరు రెగ్యులేషన్ వచ్చినా, అప్పు కింద, మాట కింద, మోసం కింద భూములు చేతులు మారుతూనే ఉన్నాయి. పోడు కొట్టుకున్న చేలల్లోంచి అటవీశాఖ వెళ్లగొట్టేది. పత్తికీ పప్పుధాన్యాలకూ ధర కట్టేది షావుకారు, తూకం వేసేదీ అతడే. 1980 ఏప్రిల్‌లో పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడింది. దాని ప్రభావంలో పనిచేసిన గిరిజన రైతుకూలీ సంఘం పోడు భూములకు పట్టాలు, పంటకు గిట్టుబాటు ధర, కూలి పెంపు కోరుతూ ఇంద్రవెల్లిలో బహిరంగ సభ తలపెట్టింది.

ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లి అంగడి రోజు. సభకు ముందు ఇచ్చిన అనుమతిని అధికారులు రద్దుచేసి 144 సెక్షన్ పెట్టారు. ఆ కబురు గుట్టల మీది గూడేలకు చేరే వీలు లేదు. అంగడికి బయలుదేరినవాళ్లు కొందరు, సభకు బయలుదేరినవాళ్లు మరికొందరు, రెండింటికీ కలిపి వచ్చినవాళ్లు ఎక్కువమంది. బియ్యం, ఉప్పు, బట్ట కొనుక్కోవడానికి వారం వారం వచ్చే దారిలో ఆ రోజు నడవడం నేరమైంది. జనాన్ని ఆపే ప్రయత్నం ఘర్షణగా మారి పోలీసులు కాల్పులు జరిపారు. టి. అంజయ్య ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వం చనిపోయినవాళ్లు 13 మంది అని ప్రకటించింది. పౌరహక్కుల సంఘాలు ఆ సంఖ్య అరవై దాకా ఉంటుందన్నాయి, ఆదివాసులు వందకు పైనే అంటారు. గాయపడి అడవిలోకి వెళ్లి అక్కడే చనిపోయినవాళ్ల లెక్క ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కే అవకాశం లేదు. పదమూడుకూ వందకూ మధ్య ఉన్న ఖాళీలో ఎన్ని ఇళ్లున్నాయో ఆలోచిస్తే, స్మారకం కోసం ఆదివాసులు ఇంత పట్టుబట్టడం ఎందుకో తెలుస్తుంది. లెక్కలో చేరనివాడికి తలచుకునే రోజొక్కటే ఆధారం.

ఇంద్రవెల్లిని రెండో జలియన్‌వాలాబాగ్ అని పిలుస్తూ వచ్చారు. పోలికలో వాస్తవం ఉంది. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జనం పోగైంది వైశాఖి పండుగ రోజున, సభ నిషేధం చాలామందికి తెలియకుండానే. అక్కడా సంఖ్య తెగలేదు. ప్రభుత్వం 379 అంటే కాంగ్రెస్ విచారణ వెయ్యికి దగ్గరగా చెప్పింది. తర్వాతి చరిత్ర మాత్రం వేరు. జలియన్‌వాలాబాగ్‌కు 1951లో పార్లమెంటు చట్టం చేసింది, 1961లో స్వతంత్ర దేశపు రాష్ట్రపతి స్మారకాన్ని ప్రారంభించాడు. కాల్చింది పరాయి ప్రభుత్వం కాబట్టి అది సులువు. ఇంద్రవెల్లిలో కాల్చిన ప్రభుత్వం, పట్టాలివ్వాల్సిన ప్రభుత్వం, నివాళికి అనుమతివ్వాల్సిన ప్రభుత్వం ఒక్కటే.

కాల్పుల తర్వాత కొన్నేళ్లకు అక్కడ ఎర్రటి స్థూపం లేచింది. 1986లో గుర్తుతెలియని వ్యక్తులు దాన్ని పేల్చివేశారు. ఆదివాసుల ఆగ్రహం చల్లారకపోవడంతో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారా ప్రభుత్వమే తిరిగి కట్టించింది. తాను కట్టించిన స్థూపం దగ్గరికే జనాన్ని రానివ్వకుండా ఏటా ఏప్రిల్ 20న 144 సెక్షన్ పెట్టడం ఆ తర్వాత దశాబ్దాల పాటు సాగింది. దారుల్లో తనిఖీలు, గూడేల్లో హెచ్చరికలు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఒక దండ వేయడానికి కూడా పోలీసు కళ్లముందు నడవాల్సి వచ్చేది. తెలంగాణ ఏర్పడ్డాక ఆంక్షలు కొంచెం కొంచెంగా సడలాయి. మొదట కుటుంబాలకు, తర్వాత సంఘాలకు, నిర్ణీత సమయంలో అనుమతి ఇచ్చారు. ఇప్పుడు ఆదివాసులు డోళ్లతో, తుడుం మోతతో వచ్చి, తమ సంప్రదాయం ప్రకారం పూజ చేసి, తమ జెండా ఎత్తుతున్నారు. విప్లవ పార్టీ గుర్తుగా మొదలైన స్థూపం గూడేల పితృస్థానంగా మారింది. అది ఆదివాసులే తెచ్చిన మార్పు, వాళ్ల మత జీవితంలోంచి వచ్చినది.

రాజకీయ పార్టీలకూ ఇంద్రవెల్లి అవసరమైంది. 2021 ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజున, అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్‌రెడ్డి దళిత గిరిజన దండోరా సభను ఇక్కడినుంచే మొదలుపెట్టారు. ముఖ్యమంత్రి అయ్యాక 2024 ఫిబ్రవరి 2న మళ్లీ వచ్చి, నాగోబాను దర్శించి, స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. ఒకప్పుడు నిషేధించిన సభాస్థలం ప్రభుత్వ కార్యక్రమాల పట్టికలోకి రావడం మంచి మార్పు. స్థూపం చుట్టూ పూలమొక్కలు నాటడంతో పాటు 1981 నాటి కోరికల్లో మొదటిదైన పోడు పట్టా గురించి కూడా అదే వేదిక మీద లెక్క చెప్పాలని ఆదివాసులు అడుగుతూనే ఉన్నారు.

ఎర్ర స్థూపాలు

గోదావరికి అవతల, పాత కరీంనగర్ జిల్లాలో 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు జరిపిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాత సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఎదురుకాల్పుల్లో చనిపోయిన విప్లవకారుల పేరిట ఊరూరా స్థూపాలు కట్టారు, పోలీసులు చాలావాటిని కూలగొట్టారు. జులై 28 నుంచి ఆగస్టు 3 దాకా అమరుల వారం. నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ 1972 జులై 28న చనిపోయినందున ఆ తేదీ. మృతదేహాలను ఇళ్లకు తెచ్చుకునే హక్కు కోసం 2002లో అమరుల బంధుమిత్రుల సంఘం ఏర్పడింది. మావోయిస్టుల చేతుల్లో చనిపోయినవాళ్లకు, విధుల్లో చనిపోయిన పోలీసులకు వేరే స్మారకాలు, వేరే రోజులు ఉన్నాయి. అక్టోబరు 21న పోలీసు అమరుల దినం. ఒకే మండలంలో ఒకే సంఘటనకు సంబంధించిన రెండు దుఃఖాలు ఒకదాన్నొకటి పలకరించుకోకుండా ఏళ్లు గడుస్తాయి.

సెప్టెంబరు 17

1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానం మీద భారత ప్రభుత్వం మొదలుపెట్టిన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. ఆ రోజుకు పేరేమిటన్నది ఇంకా తేలలేదు. రజాకార్ల దౌర్జన్యాలు అనుభవించిన ఊళ్లకు అది విమోచనం. భూపోరాటంలో ఉన్న కమ్యూనిస్టులకు అది విలీనం, ఆ వెంటనే సైన్యం తుపాకులు తమవైపు తిరిగిన రోజు. ముస్లిం కుటుంబాలు చాలావాటికి అది భయం. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత జరిగిన హత్యలపై పండిట్ సుందర్‌లాల్ కమిటీ విచారించి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయని చెప్పింది. నాందేడ్ భైంసాకు సరిహద్దు జిల్లా. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందుబాటులో లేదు. రజాకార్ల చేతుల్లో చచ్చినవాళ్లనూ, ఆ తర్వాత పగ తీర్చుకున్నవాళ్ల చేతుల్లో చచ్చినవాళ్లనూ ఒకే వాక్యంలో తలచుకున్న సభ ఇంకా జరగాల్సే ఉంది.

2021 సెప్టెంబరు 17న కేంద్ర హోంమంత్రి అమిత్ షా నిర్మల్‌లో సభ పెట్టి రాంజీ గోండుకు నివాళి అర్పించారు. 1860ను, 1948ను ఒకే గొలుసుగా చెప్పడం దాని ఉద్దేశం. 2022లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినం అంటే రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కేంద్రం విమోచన దినాన్ని ఏటా జరపాలని నోటిఫై చేసింది, కొత్త రాష్ట్ర ప్రభుత్వం అదే రోజును ప్రజాపాలన దినోత్సవం చేసింది. జెండా ఒక్కటే, ప్రసంగాలే వేరు.

భైంసా, జైనూర్

భైంసా పత్తి వ్యాపారానికి పేరున్న పట్టణం. తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసే సరిహద్దు ఊరు. 2008 అక్టోబరులో దుర్గా నిమజ్జన ఊరేగింపు సందర్భంగా మొదలైన అల్లర్లలో ప్రాణాలు పోయాయి. అక్టోబరు 12న దగ్గరలోని వటోలిలో ఒకే ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురు, పిల్లలతో సహా, ఇంట్లోనే కాలి చనిపోయారు. ఉత్తర తెలంగాణ ఇటీవలి చరిత్రలో అంతకు మించిన అమానుషం లేదు. అయినా ఆ ఊరి పేరు జిల్లా బయట చాలామందికి తెలియదు. 2020 జనవరిలో, 2021 మార్చిలో మళ్లీ ఘర్షణలు, ఇళ్ల దహనాలు, ఇంటర్నెట్ నిలిపివేత.

దాంతో భైంసాలో ఏ సభకైనా అనుమతి కోర్టు గడప ఎక్కుతోంది. 2022 నవంబరులో బీజేపీ అప్పటి రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ పాదయాత్ర ప్రారంభ సభకు పోలీసులు నిరాకరిస్తే, పట్టణానికి మూడు కిలోమీటర్ల అవతల జరుపుకోవచ్చని హైకోర్టు చెప్పింది. 2023 మార్చిలో ఆర్ఎస్ఎస్ కవాతుకు 500 మందికి మించకూడదని, మసీదుకు దూరంగా సాగాలని షరతులు పెట్టి అనుమతించింది. ఉత్తర ఐర్లాండ్‌లో ప్రొటెస్టెంట్లు, కేథలిక్కుల ఊరేగింపుల తగవులు తీర్చడానికి 1998 చట్టంతో ఒక కమిషన్ ఉంది. ఏ ఊరేగింపు ఏ వీధిలోకి వెళ్లవచ్చో, డప్పు ఎక్కడ ఆపాలో అది వీధివాళ్ల మాట విని ముందే చెబుతుంది. మనకు అలాంటి వేదిక లేదు. మొదట పోలీసు, చివర న్యాయమూర్తి. మధ్యలో ఉండాల్సిన ఊరి పెద్దలు, శాంతి కమిటీలు పండుగ ముందు ఒక్కసారి కనిపించి మాయమవుతున్నాయి.

తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ తీరు వేరు. అలావ చుట్టూ ఆడేవాళ్లలో, పీరు ఎత్తుకునేవాళ్లలో, మొక్కులు మొక్కేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. కర్బలా అమరుల స్మరణ ఊరందరి పండుగ కావడం ఈ నేల సాధించుకున్న గొప్ప విషయం. పండుగ పట్నానికి వచ్చి, ఒక్కో మతానికి ఒక్కో ఊరేగింపుగా విడిపోయిన చోటే తగవు మొదలైంది.

2024 ఆగస్టు 31న జైనూర్ మండలంలో ఒక ఆదివాసీ మహిళపై దాడి జరిగింది. నిందితుడు ముస్లిం ఆటోడ్రైవర్. సెప్టెంబరు 4న ఆదివాసీ సంఘాల నిరసన దుకాణాల దహనంగా మారింది, మసీదు మీద దాడి జరిగింది. కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. మార్లవాయి ఈ మండలంలోదే. ఒక మహిళకు న్యాయం అడగడానికి లేచిన కోపంలో భూమి, వ్యాపారం, వలసల గురించి దశాబ్దాలుగా పేరుకున్న కోపం కలిసింది. అది ఏ నేరమూ చేయని చిన్న దుకాణదారుల మీద పడింది. ఆమెకు జరిగింది ఘోరం, వాళ్లకు జరిగింది కూడా అన్యాయం. రెండోది చెప్పడం మొదటిదాన్ని తక్కువ చేయడం కాదు.

అది జరిగిన రెండు వారాలకు సెప్టెంబరు 17 వచ్చింది. ఆ ఏడు అదే రోజు అనంత చతుర్దశి, గణేశ్ నిమజ్జనం. దాదాపు అదే సమయంలో మిలాద్ ఉన్ నబీ. ప్రజాపాలన దినోత్సవం, విమోచన దినం కూడా 17నే. నాలుగు గుంపులు ఒకే వీధిలోకి వచ్చే పరిస్థితి. హైదరాబాద్‌లో మిలాద్ కమిటీ పెద్దలు ప్రభుత్వంతో మాట్లాడి తమ ఊరేగింపును 19కి మార్చుకున్నారు. 2023లో నిమజ్జనం, మిలాద్ ఒకే రోజు పడ్డప్పుడు కూడా వాళ్లు తమ ఊరేగింపును అక్టోబరు 1కి జరిపారు. రెండుసార్లూ ఆ నిర్ణయం నిషేధాజ్ఞల వల్ల కాక మాట్లాడుకోవడం వల్ల వచ్చింది.